పన్ను చూపించుకునే ముందు

చిన్నీ,

శనివారం పన్ను చూపించుకోవడానికి వెళ్తున్నావని మీ నాన్న చెప్పారు. ఫోన్‌లో నేను నాలుగు మాటలు చెప్పేలోపే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. రోజూ పళ్ల డాక్టరుగారి పక్కన, నోట్లో నీళ్లు లాగేసే సక్షన్ పైపు పట్టుకుని నిలబడేదాన్ని, కన్నకూతురికి చెప్పకపోతే ఎలా?

చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోంది, మింగగానే తగ్గిపోతోంది అన్నావు. అంటే పుచ్చు పంటి పైపొర ఎనామిల్‌ని దాటి లోపలి పొరలోకి దిగి ఉంటుంది. ఎనామిల్‌లో నరాలు లేవు, అక్కడ ఎంత తినేసినా మనకు తెలీదు. ఇంకా లోపలికి పోయి, రాత్రిపూట దానంతటదే పోటు పుట్టిందనుకో, చాలాసార్లు ఫిల్లింగ్‌తో తీరదు, పంటి లోపలి నరం తీసేసే రూట్ కెనాల్ దాకా వెళ్తుంది. ఎంత లోతుందో ఎక్స్‌రే చూసి డాక్టరే చెప్పాలి. పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకోకుండా వెళ్తున్నావు, అది చాలు నాకు.

అమ్మమ్మ చెప్పిందని లవంగ నూనె పెడుతున్నావట. ఇవాళే ఆపేయ్. అందులో ఉండే యూజెనాల్ తెల్ల ఫిల్లింగ్ గట్టిపడటానికి అడ్డం వస్తుంది. చిగురుకి తగిలితే మండిస్తుంది కూడా. పెట్టిన సంగతి డాక్టరుకి దాచకుండా చెప్పు.

పొద్దున టిఫిన్ తిని మరీ వెళ్లు. ఖాళీ కడుపు, దానికి తోడు టెన్షన్. కుర్చీలో కళ్లు తిరిగి పడిపోయిన మీసాల రాయుళ్లని నేను చూశాను.

ముందు చిగురు మీద మత్తు జెల్ రాస్తారు. నీది కింది దవడ పన్ను కాబట్టి సూది మామూలుగా పన్ను పక్కన కాకుండా నోటి వెనక వైపు, దవడ ఎముకలోకి నరం దూరే చోట ఇస్తారు. మందు నెమ్మదిగా ఎక్కిస్తే నొప్పి తక్కువ. లిగ్నోకైన్ అనే మత్తుమందుతో పాటు కాస్త అడ్రినలిన్ కలిపి ఉంటే కాసేపు గుండె దడదడలాడొచ్చు. కంగారు పడకు, డాక్టరుకి చెప్పు, తగ్గిపోతుంది. తర్వాత ఆ పక్క పెదవి, సగం నాలుక లావెక్కినట్టు ఉంటాయి. అద్దంలో చూస్తే ఏమీ ఉండదు. పెదవి మొద్దుబారకముందే డ్రిల్ అందుకుంటే "ఇంకా తెలుస్తోందండీ" అనేయ్. మత్తు నొప్పిని ఆపుతుంది గానీ నొక్కుడునీ అదురునీ ఆపదు. అవి తెలుస్తాయి, భయపడొద్దు. నొప్పే అనిపిస్తే ఎడమ చెయ్యి పైకెత్తు. అలా ఎత్తుతానని ముందే చెప్పి పెట్టుకో.

డ్రిల్ చప్పుడే అసలు బాధ. నీళ్లు చిమ్ముతూ తిరుగుతుంది, పక్కన నాలాంటి ఆవిడ ఆ నీళ్లు లాగేస్తుంటుంది. పుచ్చు తీసేశాక నీలం రంగు జెల్ పెడతారు, అది యాసిడ్, నాలుకకి తగిలితే పుల్లగా ఉంటుంది. అది కడిగి, జిగురు పూసి, కాంపోజిట్ అనే తెల్ల ఫిల్లింగ్ ముద్దని మామూలుగా 2 మిల్లీమీటర్ల లోపు పొరలుగా పెడుతూ, ఒక్కో పొరకి 20 సెకన్లో ఎంతో నీలం లైటు కొడతారు. ఆ లైటు వైపు చూడకు. ఈ కాసేపూ ఉమ్మి తగలకూడదు, తగిలితే ఫిల్లింగ్ సరిగా అతుక్కోదు. "పుక్కిలించనా?" అని మధ్యలో లేవకు, నాలుకతో తడమకు.

చివర్లో నీలం కాగితం పళ్ల మధ్య పెట్టి "కొరకండి, అటూ ఇటూ నూరండి" అంటారు. ఎత్తున్న చోట రంగు అంటుకుంటుంది, దాన్ని గీస్తారు. ఇక్కడే మనవాళ్లకి ఎక్కడలేని మొహమాటం. సగం నోరు మొద్దుబారి ఉంటుంది, పన్ను సరిగ్గా ఆనుతోందో లేదో తెలీదు, అయినా "బాగుందండీ" అని లేచిపోతారు. రెండు రోజులకి నమిలితే నొప్పని మళ్లీ వస్తారు. వెంట్రుక మందం ఎత్తున్నా పన్ను ఊరుకోదు. నువ్వు ఒకటికి రెండుసార్లు కొరికి చూసుకుని, తేడా ఉంటే చెప్పు. గీయడానికి నిమిషం పట్టదు. మత్తు దిగాక ఎత్తుగా అనిపించినా మళ్లీ వెళ్లు, సిగ్గుపడాల్సిందేం లేదు.

మత్తు దిగడానికి రెండు మూడు గంటలు, ఒక్కోసారి ఇంకాస్త పడుతుంది. అప్పటిదాకా ఏమీ నమలకు, వేడి టీ తాగకు. చెంప లోపల కొరుక్కున్నా, నోరు కాలినా తెలీదు. నా పన్నుకి పెట్టిన వెండి ఫిల్లింగ్ అయితే ఒక రోజు దాకా ఆ పక్క గట్టివి నమలొద్దన్నారు. నీది లైటుతోనే గట్టిపడుతుంది, ఆ బాధ లేదు. కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాల దాకా చల్లటివి తగిలితే జివ్వుమనొచ్చు. రోజురోజుకీ తగ్గాలి. పెరుగుతుంటే మాత్రం ఆగకు.

ఆ హాస్టల్ టీ గంటకోసారి తాగడం తగ్గించు తల్లీ. పంచదార పడ్డ ప్రతిసారీ నోట్లో పుట్టే యాసిడ్ అరగంట పైనే పంటిని పట్టుకుని ఉంటుంది. ఇంతకు మించి తిట్టను.

డబ్బులు నాన్న శుక్రవారం వేస్తారు. ఎక్స్‌రే తీశాక ఫొటో నాకు పంపు, మా డాక్టరుగారికి కూడా చూపిస్తాను.

మీ అమ్మ