పత్తి కట్టెకు ఒక కొలిమి పెట్టించండి: పరిశ్రమల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. హనుమకొండలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకునే అధ్యాపకుణ్ణి. అడిగేది ఒక్కటే. రోజుకు వంద కిలోల పత్తి కట్టెను యాక్టివేటెడ్ కార్బన్‌గా, అంటే సన్నని రంధ్రాలున్న బొగ్గుగా మార్చే నమూనా కొలిమి ఒకటి వరంగల్ చుట్టుపక్కల పెట్టించండి.

ఆఖరు ఏరుడు అయిపోయాక పత్తి చేన్ల పరిస్థితి మీకు తెలిసిందే. ఒకప్పుడు ఆ కట్టె పొయ్యిలోకి పోయేది. ఇంటింటికీ గ్యాస్ వచ్చాక అడిగేవాళ్లు లేరు. చేనులోనే వదిలేస్తే మిగిలిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుంటుంది, తీసేయమని వ్యవసాయాధికారులే చెప్తారు. పీకించడానికి కూలీ గిట్టదు. దాంతో రైతు అగ్గిపుల్ల గీస్తాడు. ఆయన్ను తప్పుపట్టి లాభం లేదు, ఆ కట్టెకు ధర కట్టేవాడు ఉండాలి.

ధర ఎందుకు వస్తుందో చెప్తాను. గాలి తగలకుండా 500 డిగ్రీల దగ్గర కాలిస్తే కట్టె బొగ్గవుతుంది. ఆ బొగ్గు మీదికి 800 డిగ్రీలు దాటిన వేడిలో నీటి ఆవిరి పంపితే అది కొంత కార్బన్‌ను తినేసి, కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలు వదులుతుంది. బాగా కుదిరితే ఒక్క గ్రాము పొడిలో ఆ రంధ్రాల గోడలన్నీ కలిపి వెయ్యి చదరపు మీటర్లు దాటుతాయి. అంటే చిటికెడు పొడిలో పది గుంటల జాగా! కరెంటును దాచుకుని చటుక్కున వదిలే పరికరం సూపర్ కెపాసిటర్. అందులో విద్యుదావేశం నిలిచేది ఆ గోడల మీదే. అందుకే అది సెకన్లలో ఛార్జ్ అవుతుంది, లక్షల సార్లు వాడినా పెద్దగా అరగదు. కానీ కిలోకు అది దాచే శక్తి లిథియం బ్యాటరీ దాచేదానిలో పదో వంతు కూడా ఉండదు. పత్తి కట్టెతో లిథియం అవసరమే తీరిపోతుందని మీటింగులో ఎవరైనా స్లయిడ్ చూపిస్తే దయచేసి నమ్మకండి.

నాకు ఎక్కువ ఆశ ఉన్నది సెన్సర్ల మీద. ఇదే పొడిని చిన్న ఎలక్ట్రోడ్‌కు పూసి, తగిన ఎంజైమ్ జోడిస్తే, ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు తగిలినప్పుడు కరెంటులో వచ్చే తేడా తెలుస్తుంది. 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కిన వరంగల్ చపాటా మిర్చికి ఎగుమతిలో మందు అవశేషాల టెన్షన్ ఎంతుంటుందో ఎనుమాముల మార్కెట్‌లో ఎవరిని అడిగినా చెప్తారు. పెద్ద ల్యాబ్ పరీక్షకు ఇది బదులు కాదు. ఏ బస్తా ల్యాబ్‌కు పంపాలో తేల్చుకోవడానికి పనికొస్తుంది.

ఇవన్నీ ల్యాబుల్లో ఎన్నోసార్లు రుజువైన సంగతులే. చిక్కంతా ఆ తర్వాతే. మా ఫర్నేస్ గొట్టంలో పట్టే పడవ ఆకారపు పింగాణీ గిన్నెలో నాలుగైదు గ్రాముల పొడి పడుతుంది. కొనే కంపెనీ టన్నులు అడుగుతుంది, ప్రతి బస్తా ఒకేలా ఉండాలంటుంది. చేను నుంచి వచ్చే కట్టె వేళ్లకు మన్ను ఉంటుంది, తడి రోజుకో తీరుగా ఉంటుంది. మన్ను పెరిగితే బూడిద పెరుగుతుంది, కార్బన్ చెడుతుంది. దీన్ని వంద కిలోల కొలిమి దగ్గరే తేల్చుకోవాలి.

ఆ కొలిమిని బాయిల్డ్ రైస్ మిల్లు పక్కన పెట్టండి. అక్కడ ఊకతో నడిచే బాయిలర్, ఆవిరి ఎలాగూ ఉంటాయి, ఆ ఆవిరిని కొలిమి వేడికి తేవడమే మిగులుతుంది. ఊకనే కార్బన్ చేయొచ్చు కదా అంటారు. ఊకలో దాదాపు ఐదో వంతు బూడిదే, అందులో ఎక్కువ భాగం సిలికా. దాన్ని తీయడం ఖర్చుతో కూడిన పని. ఊకను పొయ్యికే వదిలేసి, బూడిద తక్కువుండే పత్తి కట్టెను కొలిమిలో వేయడం మేలు.

ఆవిరి బదులు పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారంతో చేస్తే రంధ్రాలు ఇంకా బాగా వస్తాయి, పేపర్లు రాసుకునే మావాళ్లకు అదే ఇష్టం. కానీ ఎర్ర లిట్మస్ నీలంగా మారడం ఆగేదాకా పొడిని కడగాలి, బకెట్ల కొద్దీ క్షారం నీళ్లు వస్తాయి. టన్నుల్లో చేసేటప్పుడు ఆ నీళ్లు ఏ వాగులో కలుస్తాయో ముందే ఆలోచించాలి. అందుకే మొదట ఆవిరి పద్ధతే పెట్టమంటున్నాను.

మొదటి సరుకు సూపర్ కెపాసిటర్ స్థాయిలో రాదు. ఫరవాలేదు, నీళ్లు శుద్ధి చేసే కార్బన్‌గా అమ్ముకోవచ్చు. కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో అద్దకం పని పెరిగేకొద్దీ రంగు నీళ్లకు అది కావాల్సిందే. నాణ్యత పరీక్షలకు ఎన్‌ఐటీ, కాకతీయ విశ్వవిద్యాలయం ఊళ్లోనే ఉన్నాయి. ఆ ఫలితాలు ఫైళ్లలో దాచకుండా అందరికీ కనబడేలా పెట్టించండి. కట్టెకు టన్నుకింత అని చేను గట్టు మీదే రైతుకు డబ్బు ఇప్పించండి. ఇంకో మాట, ఉత్తర్వు సంక్రాంతి లోపే రావాలి. ఆ తర్వాత వస్తే ఈ ఏడాది కట్టె దొరకదు.

ఇట్లు,
ఒక రసాయన శాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ