మాయను కాల్చేసే ముందు తల్లిని ఒక్క మాట అడగండి

సంపాదకులకు నమస్కారం.

పేట్లబుర్జు, సుల్తాన్‌బజార్, గాంధీ వంటి సర్కారు దవాఖానాల్లో కాన్పులు లేని రోజు ఉండదు. బిడ్డ చేతికొచ్చాక మాయ (ప్లాసెంటా), ఉమ్మనీటి సంచి చాలావరకు ఆసుపత్రి వ్యర్థాలు వేసే పసుపు సంచిలోకే పోతాయి. 2016 నాటి బయోమెడికల్ వేస్ట్ నిబంధనలు వాటిని కాల్చేయమంటాయి. నిబంధన సరైనదే. కానీ పనికొచ్చే భాగం కూడా ఎవరినీ అడగకుండానే బూడిదైపోతోంది, నా బాధంతా అదే.

ఉమ్మనీటి సంచి లోపలి పొరలో రక్తనాళాలు ఉండవు. వేరే మనిషికి అతికించినా శరీరం దాన్ని పెద్దగా ఎదిరించదు కాబట్టి కిడ్నీ మార్పిడికి చూసినట్టు మ్యాచింగ్ చూడక్కర్లేదు. కాలిన గాయం మీద పరిస్తే నొప్పి తగ్గుతుంది, కింద కొత్త చర్మం పాకడానికి వీలవుతుంది. చర్మానికి దీన్ని వాడిచూడటం 1910లోనే మొదలైంది. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి టిష్యూ బ్యాంకు (దానంగా వచ్చిన శరీర కణజాలాన్ని దాచే చోటు) ఈ పొరను శుద్ధిచేసి ఇస్తోంది.

అంతదూరం ఎందుకు, మన బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు 2012లో ప్రపంచానికి చూపించిన పద్ధతికి ఈ పొరే ఆధారం. పాన్‌లో వేసుకునే సున్నం ప్యాకెట్‌తో పిల్లలు ఆడుకుంటుంటే అది పగిలి కంట్లో చిమ్ముతుంది. నల్లగుడ్డు అంచున ఉండి కొత్త కణాలను పుట్టించే మూలకణాలు (స్టెమ్ సెల్స్) మాడిపోయి చూపు పోతుంది. అప్పుడు బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, ఇంకా చిన్నచిన్న ముక్కలు చేసి, దెబ్బతిన్న కంటి మీద పరిచిన ఈ పొరపై అంటిస్తారు. ల్యాబ్‌లో పెంచే పని లేకుండా కణాలు కంటిమీదే అల్లుకుంటాయి. ఇంత గొప్ప పని జరిగిన ఊళ్లోనే ఆ పొరను కాల్చేసుకుంటున్నాం!

సేకరణకు ముందే తేదీ ఖాయమైన సిజేరియన్లు అనువు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆ సంఖ్య తగ్గి తీరాలి, అది వేరే పోరాటం. ఈలోగా ఒప్పుకున్న తల్లికి హెచ్ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ పరీక్షలు చేసి, పొరను యాంటీబయాటిక్స్‌తో కడిగి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచవచ్చు. మాయను ఇంటికి తీసుకెళ్లి పాతిపెట్టే ఆచారం ఉన్నవాళ్లు వద్దంటే అక్కడితో ఆగిపోవాలి. బలవంతం అసలే కూడదు.

ఈ మాట చెప్పగానే కొందరు బొడ్డుతాడు రక్తం దాచే ప్రైవేటు కంపెనీలు గుర్తుచేస్తారు. అది వేరే సంగతి. తలసేమియా అనే వంశపారంపర్య రక్తజబ్బుతో పుట్టిన బిడ్డకు ఆ బిడ్డ రక్తమే దాచినా లాభం లేదు, లోపం ఆ కణాల్లోనూ ఉంటుంది. ఆటిజానికి స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామనేవాళ్లను అసలు నమ్మవద్దు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం అలాంటివి అనుమతి పొందిన పరిశోధనల్లో తప్ప చేయకూడదు. నేనడిగేది అమ్మకం కాదు, దానం.

ఉస్మానియా ఆసుపత్రిలో ఇప్పటికే దానం చేసిన చర్మాన్ని దాచే స్కిన్ బ్యాంకు ఉంది. పేట్లబుర్జు నుంచి అక్కడికి దూరమూ ఎక్కువ కాదు. ముందు ఈ రెండింటినీ కలపమని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను. సమ్మతి పత్రం తెలుగు, ఉర్దూ రెండింటిలోనూ ఉండాలి, నొప్పులు మొదలయ్యాక కాకుండా నెలనెలా చెకప్‌కి వచ్చినప్పుడే చదివి వినిపించాలి.

– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్