డయాలసిస్ కిడ్నీని బాగుచేయదని రోగులకు చెప్పండి

సంపాదకుడు గారికి,

కిడ్నీ జబ్బు ఊరూరా ఉన్న మా ఉద్దానం ప్రాంతంలోని డయాలసిస్ కేంద్రాల మీద గత వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. ఎవరైనా సరిదిద్దుతారేమోనని ఇన్నాళ్లూ చూశాను. ఎవరూ నోరు విప్పలేదు కాబట్టి రాస్తున్నాను. డయాలసిస్ చేయించుకుంటున్నవారి కిడ్నీల పనితీరు మెరుగవుతోందన్న అర్థం వచ్చేలా రాశారు. అది నమ్మి మా మండలంలో ఎవరైనా ఒక వారం డయాలసిస్ మానేస్తే ఆ ప్రాణానికి జవాబుదారీ ఎవరు?

మా తమ్ముడి రిపోర్టు నా ముందే ఉంది. కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్, రక్తంలో డయాలసిస్‌కు ముందు 9.2, తర్వాత 3.4. మొదట్లో ఆ రెండో అంకె చూసి ఇంట్లో అందరం సంబరపడ్డాం. మిషన్ రక్తాన్ని వడకట్టింది కాబట్టి అంకె తగ్గింది, అంతే. రెండు రోజులు గడిస్తే మళ్లీ పైకి ఎక్కుతుంది. పాము కరిచో, విరేచనాలు పట్టుకునో హఠాత్తుగా కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో చాలామంది కొన్నాళ్ల డయాలసిస్ తర్వాత కోలుకుంటారు. ఏళ్ల తరబడి లోలోపల పాడైపోయిన కిడ్నీ అలా తిరిగి రాదు. ఈ తేడా వార్త రాసినవారికి చెప్పాల్సిన బాధ్యత అధికారులకు లేదా?

చెప్పాల్సింది ఇంకా ఉంది. డయాలసిస్ మొదలైన చాలామందిలో కిడ్నీ పని కొద్దోగొప్పో మిగిలే ఉంటుంది. రోజూ కాస్త మూత్రం వస్తుంది. అది ఎంతకాలం నిలిస్తే అంత మేలు. ఒక డయాలసిస్‌కూ ఇంకో డయాలసిస్‌కూ మధ్య ఒంట్లో చేరిన నీటినంతా నాలుగు గంటల్లో లాగేస్తే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి. పదే పదే అలా జరిగితే కిడ్నీకి రక్తం సరిగా అందక ఆ మిగిలిన కాస్తా తొందరగా పోతుంది. మా వాడికి అదే జరిగింది. ఇప్పుడు మూత్రం దాదాపు లేదు. రోజుకు ఎంత వస్తోందని వాడు వెళ్లే కేంద్రంలో ఒక్కరూ అడగలేదు. బరువు చూడటం, నీరు తీయడం, పంపేయడం. తాగే నీళ్లు ఎంతకు తగ్గించుకోవాలో కూడా పక్క బెడ్డు ఆయన చెబితేనే తెలిసింది.

ఇంటింటా కొబ్బరి చెట్లున్న ప్రాంతం మాది. మనిషి నీరసించాడని చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ బొండాం కొట్టి ఇస్తారు. అందులో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ రోగికి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆ ఒక్క ముక్క తెలుగులో పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించడానికి ఏ బడ్జెట్టు కావాలి?

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు. హిరమండలం నుంచి నీళ్ల పథకం వచ్చింది. పెన్షన్ ఇస్తున్నారు. ఏదీ కాదనను. కానీ ఏ ప్రభుత్వం వచ్చినా, ఏ అధికారి మైకు పట్టుకున్నా బెడ్ల లెక్కే చెబుతారు. మిషన్ ఎక్కేవాళ్లు పెరగడం గొప్పగా చెప్పుకునే విషయమా? మిషన్ దాకా రాకుండా ఎంతమందిని ఆపగలిగారో చెప్పమనండి. ఊళ్లలో క్రియాటినిన్ పరీక్ష క్రమం తప్పకుండా జరగాలి. బీపీ మాత్రలు ఆగకుండా అందాలి. ఒళ్లు నొప్పులంటే చాలు, కిడ్నీని దెబ్బతీసే నొప్పి మాత్రలను చీటీ లేకుండా అమ్మే దుకాణాలను కట్టడి చేయాలి. ఉద్దానంలో ఈ జబ్బుకు కారణం ఇదీ అని ఇంతవరకు తేలనే లేదు. అలాంటప్పుడు ముందుగా పట్టుకోవడం తప్ప మాకు వేరే దారి ఏముంది?

ప్రతి కేంద్రానికీ నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టరు, వారానికి ఒకసారైనా వచ్చి రోగి పక్కన కూర్చుని రిపోర్టు వివరించాలి. ఇంట్లోనే చేసుకునే పొట్ట డయాలసిస్ గురించీ, కిడ్నీ మార్పిడి కోసం ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు గురించీ మొదటి నెలలోనే చెప్పాలి. మా వాడికి ఆ పేర్లు చాలా ఆలస్యంగా తెలిశాయి, అదీ బయటివాళ్ల ద్వారా. మీరు కూడా ఆ వార్త వేసిన పేజీలోనే సవరణ వేయండి.

ఒక పాఠకురాలు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా