చేపల కోల్డ్ స్టోరేజీలో మా కాగితాలు దాచిన ఆయనకి

అందరికీ నమస్కారం. పదిహేడు రోజుల తర్వాత నిన్న రాత్రే ఆరు గంటలు ఏకబిగిన నిద్రపోయాను. చేతులకి రొయ్యల వాసన ఇంకా పోలేదు. నిమ్మకాయ పెట్టి రుద్దినా పోలేదు. ఇది కుదురుగా కూర్చుని రాస్తున్నది కాదు, తప్పులుంటే సర్దుకోండి.

మొన్నటి అల్పపీడనం వానకి విశాఖ పాత ఊళ్లో మేం కాగితాలు పెట్టుకున్న అద్దె గదిలోకి రాత్రికి రాత్రి కాలవ నీళ్లు వచ్చేశాయి. మోకాలి లోతు. కింది రెండు అరల్లో ఉన్నవన్నీ మునిగాయి. అసలు నేను పాత కాగితాలు ఏరి దాచే ఈ పనిలో పడిందే ఇలాంటి నీళ్ల వల్ల. 2014లో హుద్‌హుద్‌కి మా వీధిలో ఒక పెద్దాయన ఇంటి పెంకులు లేచిపోయి, అటక మీద ఆయన దాచుకున్న వీధినాటకాల స్క్రిప్టులు బురదలో తేలుతుంటే ఏరాను. అటక మీద పెడితే గాలి, కింద పెడితే నీళ్లు. మన ఊళ్లో కాగితం బతకాలంటే కష్టమే.

ఆ గదిలో ఉన్నవేమిటంటే, సైక్లోస్టైల్ పత్రికలు (స్టెన్సిల్ గీసి చేతి మిషను మీద కాపీలు తీసినవి), చేతిరాత పత్రికలు, గోడలకి అతికించగా మిగిలిన పోస్టర్లు, రిహార్సల్స్‌లో రికార్డు చేసుకున్న క్యాసెట్లు. ప్రెస్సు పేరు వేయని కరపత్రాలు. వీటిలో కొన్ని ఎమర్జెన్సీ 21 నెలలూ ఎవరింట్లోనో బియ్యం డబ్బా అడుగున, దేవుడి పటం వెనకాల ఉండి బయటపడ్డవి. అప్పుడు పోలీసులకి దొరకనివి ఇప్పుడు కాలవకి దొరికాయి.

పాత కాగితాలకి ఇంత గోల ఎందుకని అడిగినవాళ్లున్నారు. వాళ్ల కోసం రెండు ముక్కలు. దిగంబర కవులని, సమాజం మీద తిరగబడి ఘాటుగా రాసిన కవుల గుంపు ఒకటి ఉండేది. 1968లో వాళ్ల మూడో కవితా సంపుటి విడుదలైంది విశాఖలోనే. ఆవిష్కరించింది మంత్రీ కాదు, వైస్ చాన్సలరూ కాదు, బిచ్చమెత్తుకునే ఎడ్ల యాదమ్మ. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తికి రచయితలంతా ఇక్కడ చేరితే, పక్కన శ్రీకాకుళం గిరిజన పోరాటంతో మండుతోంది, మీరు ఎటువైపో తేల్చుకోండని విద్యార్థులు కరపత్రం పంచారు. ఆ వేడిలోంచే అదే ఏడాది జూలై 4న హైదరాబాదులో విరసం, అంటే విప్లవ రచయితల సంఘం, పుట్టింది. ఇదంతా పుస్తకాల్లో ఉంది. లేనిదల్లా ఆ తర్వాత ఈ ఊరి సందుల్లో స్టెన్సిల్ మీద ఇనప కలంతో గీకి, రాత్రుళ్లు చేత్తో మిషను తిప్పి, తెల్లారేసరికి వంద కాపీలు సంచిలో వేసుకుని సైకిలెక్కిన కుర్రాళ్ల సంగతి. యాదమ్మదీ అంతే. పేరు మిగిలింది, పుస్తకం ఆవిష్కరించినప్పుడు ఆవిడ ఏమనుకుందో ఎవరూ అడిగి రాసుకున్నట్టు నాకు కనపడలేదు.

సరే, ఆయన దగ్గరికి వస్తాను.

తడిసిన కాగితానికి గడువు రెండు రోజులే. 48 గంటలు దాటితే బూజు మొదలవుతుంది. ఆరబెట్టడానికి చోటు, మనుషులు లేనప్పుడు చేయగలిగింది ఒక్కటే, గడ్డకట్టించి ఆపేయడం. తర్వాత కట్టకి కట్ట తీసి, మెల్లగా కరగనిచ్చి, పేజీ పేజీ విడదీసుకోవచ్చు. మా ఇంటి ఫ్రీజర్లో రెండు కట్టలు పట్టాయి. మిగిలినవి పదకొండు క్రేట్లు. ఐస్‌క్రీం డీలర్లని అడిగాం, హోటళ్లని అడిగాం. కాలవ నీళ్లలో తడిసినవి తిండి పక్కన ఎలా పెడతామన్నారు. వాళ్లని తప్పుపట్టలేను. రాత్రి పదకొండింటికి ఆటోలో ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్లి, కనపడిన ప్రతి గేటూ తట్టాను. నాలుగో గేటు దగ్గర నైట్ డ్యూటీలో ఉన్నాయన బయటికొచ్చాడు. మోకాళ్ల దాకా గమ్‌బూట్లు, తలకి తువ్వాలు.

"ఏటి మేడం ఇవి?"

"పుస్తకాలు బాబూ. తడిసిపోయాయి."

"పుస్తకాలా? అయితే కింద ఎట్టకండి."

అంతే. ఎవరివి, ఎంత ఇస్తారు, ఎన్నాళ్లు, ఏమీ అడగలేదు. ఓనరుకి ఫోన్ చేసి పక్కకెళ్లి ఏదో బతిమాలాడు. రెండు రోజులకి ఒప్పుకున్నారట. మైనస్ 18 గదిలో పై ర్యాకు మీదున్న రొయ్యల బాక్సులు ఒక్కడే దింపి, కిందకి సర్ది, మా క్రేట్లు పైకెక్కించాడు. ఐదో క్రేటు ఎత్తబోతుంటే బూటు దానికి తగిలింది. క్రేటు కింద పెట్టి, గ్లవ్ తీసి, వేళ్లతో దాన్ని తాకి కళ్లకద్దుకున్నాడు. మళ్లీ గ్లవ్ తొడుక్కుని ఎత్తాడు.

ఆ క్రేటులో పైనున్నది ఏమిటో నాకు తెలుసు. దేవుళ్లని, అందులోనూ సరస్వతీదేవిని, చెడామడా తిట్టిన ఒక సైక్లోస్టైల్ పత్రిక. దాన్ని తిప్పిన కుర్రాళ్లు ఆ సీను చూసుంటే ఏమనేవారో. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చింది. రెండు రోజులుగా ఆపుకున్నదంతా ఆ తడి గచ్చు మీద కూలబడి ఏడ్చేశాను. ఆయన కంగారుపడి టీ తెప్పించాడు.

మర్నాడు వెళ్తే ప్రతి క్రేటుకీ ఒక అట్టముక్క కట్టి ఉంది. వాళ్ల పాప చేత రాయించాడట. గుండ్రటి అక్షరాలు: "ఇవి చేపలు కావు. పుస్తకాలు. తొక్కరాదు." లోడింగ్ వాళ్లు పొరపాటున లారీలోకి ఎక్కించకుండా. రెండు రోజులన్నది పదిహేను రోజులైంది. డబ్బు తీసుకోలేదు. పాపకి పెన్నుల డబ్బా ఇస్తే మాత్రం తీసుకున్నాడు. పేరు రాస్తానంటే, "నానేటి సేసాను మేడం, ఒగ్గేయండి" అన్నాడు. అందుకే రాయడం లేదు.

ఇప్పుడొక చేదు మాట. రాయకూడదనుకున్నాను గానీ ఆగలేకపోతున్నాను. వాన రాకముందే, పొడి గది ఒకటి ఇప్పించమని ఒక ఆఫీసు చుట్టూ ఏడాదిన్నర తిరిగాం. చట్టం ప్రకారం కాగితాలకి 75 ఏళ్లు నిండితేనే పురావస్తువు అన్నారు. 1968 నాటి కాగితానికి 2043లో ఈడొస్తుందన్నమాట. అప్పటిదాకా దాన్ని ఎవరు బతికించాలో ఆ చట్టంలో ఉన్నట్టు లేదు. బీచ్ రోడ్డులో కవుల విగ్రహాలకి ఏటా దండలు పడతాయి. వాళ్ల వెంట తిరిగిన ఊరికి మాత్రం ఒక పొడి గది లేదు. సరే, వదిలేద్దాం.

ఎంత దక్కిందంటే, తొమ్మిది క్రేట్లు బయటికి తీశాం, రెండు ఇంకా ఐసులోనే ఉన్నాయి. సైక్లోస్టైల్ సిరా నూనె సిరా కాబట్టి అక్షరం చెదరలేదు, పిన్నుల దగ్గరే తుప్పు. పెన్ను సిరాతో రాసిన చేతిరాత పత్రికలు రెండు పూర్తిగా పోయాయి, నీలం మరకలు తప్ప ఏమీ లేదు. పోస్టర్ల ఎరుపు కారిపోయి గులాబీ చారలయ్యాయి. క్యాసెట్లు ఫ్రీజర్లో పెట్టకూడదు. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు కొని కడిగి ఆరబెట్టాం. నిన్న ఒకటి పాడింది. డప్పు, వెనక ఎవరిదో దగ్గు, "మళ్లీ మొదట్నుంచి" అని ఒకమ్మాయి గొంతు. ఆవిడెవరో కనుక్కోవాలి.

మా ఆయన, అమ్మ, పిల్లలు చేశారు, వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. హాలంతా దండేలు కట్టినా ఎవరూ నోరెత్తలేదు.

పోస్ట్ చేయబోతుంటే గుర్తొస్తున్నారు. ఆ రాత్రి వెయిటింగ్ తీసుకోకుండా రెండు ట్రిప్పులు తిప్పిన ఆటో ఆయన. రోల్ చివర మిగిలిన తెల్ల న్యూస్‌ప్రింట్ సంచుల్లో పంపిన ప్రెస్సువాళ్లు, పేజీల మధ్య పెట్టడానికి అదే ఆదుకుంది. క్యాసెట్ల స్క్రూలు విప్పి టేపు కొత్త డబ్బాల్లోకి మార్చిన పూర్ణా మార్కెట్ వైపు మెకానిక్ గారు, చూపు ఆనకపోయినా చేశారు. సెలవు పెట్టుకొచ్చిన డిగ్రీ పిల్లలు ఆరుగురు. అయ్యో, ఇడ్లీలు పంపిన కింద వాటా పిన్నిగారు! ఆవిడే చదివి తిడతారు. కోల్డ్ స్టోరేజీ ఓనరు గారు కూడా. అందరికీ దండాలు.

ఇంకొకటి. ఆరబెట్టడానికి ఎవరెవరో ఫ్యాన్లు ఇచ్చారు. అన్నీ తిరిగి ఇచ్చేశాం, ఒక్కటి మిగిలింది. నీలం రెక్కల టేబుల్ ఫ్యాను, రెండో నంబరులోనే తిరుగుతుంది. ఎవరిదో వచ్చి తీసుకెళ్లండి.