ఒకసారి నొక్కితే మూడు దూకే రిమోట్ గురించి మూడో ఫిర్యాదు

తిరుపతి,
డిసెంబర్ 22.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

అయ్యా,

మీ కంపెనీ టీవీ బాక్స్ కొని నాలుగు నెలలైంది. ఇది నా మూడో ఫిర్యాదు. మొదటి రెండింటినీ 'సమస్య పరిష్కారమైంది' అని మూసేశారు. పరిష్కారమైన మాట నిజమే. చేసింది మీరు కాదు, నేను.

మా అమ్మకు 71 ఏళ్లు. ధనుర్మాసం కదా, తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపించే రోజులు. చీకటితోనే లేచి ఎస్వీబీసీ పెట్టుకుంటుంది. సౌండ్ ఒక్క పాయింటు పెంచబోతే మూడు పెరుగుతుంది, తగ్గించబోతే మూడు తగ్గుతుంది. పక్క వాటాలో పసిబిడ్డ ఉంది. మొన్న బిడ్డ లేచి ఏడుపు అందుకునేసరికి, "ఏంరా ఇది, ఒకటి నొక్కితే మూడు దూకతా ఉంది" అంటూ రిమోట్‌ను మంచం మీద పడేసింది.

తిలక్ రోడ్డులోని మీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే అక్కడి కుర్రాడు సెల్స్ మార్చి, టకటకా నాలుగు బటన్లు నొక్కి, "బానే ఉంది కదన్నా" అన్నాడు. నిజంగానే బానే పనిచేసింది! అయినా కొత్త రిమోట్ అని 450 రూపాయలు కట్టించుకున్నారు. ఇంటికొస్తే మళ్లీ అదే కథ. తప్పు దొరికేది అతని వేలికీ అమ్మ వేలికీ ఉన్న తేడాలోనే అని తట్టడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

బాక్స్‌కు సంకేతాలు పంపడానికి మీ రిమోట్ వాడేది ఎన్‌ఈసీ అనే పద్ధతి. బటన్ నొక్కగానే కంటికి కనబడని 9 మిల్లీసెకన్ల పొడుగు మెరుపు, 4.5 మిల్లీసెకన్ల విరామం, ఆ తర్వాత ఏ బటనో చెప్పే 32 బిట్లు, అంటే సున్నాలూ ఒకట్లూ. వేలు తీయకపోతే ఆ బిట్లు మళ్లీ రావు. సుమారు 110 మిల్లీసెకన్లకోసారి 'ఇంకా నొక్కే ఉంది' అనే పొట్టి సంకేతం వస్తుంది, అంతే. కీళ్లనొప్పుల వల్ల అమ్మ వేలు బటన్ మీద పావు సెకను ఉంటుంది. అంటే ఒక పూర్తి సంకేతం, రెండు పొట్టివి. మీ బాక్స్ ఆ రెండింటినీ కొత్తగా నొక్కినట్టే లెక్కేస్తోంది. మీ కుర్రాడి వేలు మొదటి పొట్టి సంకేతం రాకముందే లేచిపోతుంది.

బాక్సును నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. అసలు లినక్స్‌లో ఈ తప్పు లేదు. బటన్ పట్టుకునే ఉంటే మామూలుగా అర సెకను ఆగాకే మళ్లీ నొక్కినట్టు తీసుకుంటుంది. మీ వెబ్‌సైట్‌లో ఓ మూలన ఉన్న పాత వెర్షన్ సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రామ్) తెరిస్తే, రిమోట్ సంకేతాలను చదివే డ్రైవర్ అనే భాగంలో మీవాళ్లు చేతులు పెట్టిన చోటే తేడా కనబడింది. నాలుగు లైన్లు మార్చి, బాక్స్ నడపగలిగే రూపంలోకి కంపైల్ చేసి, మెమరీ కార్డు నుంచి బాక్స్ ఆన్ చేశాను. అమ్మ తన తీరులో తాపీగా నొక్కింది. 12 కాస్తా 13 అయింది, అక్కడే ఆగింది.

ఆ మార్పును మీకు పంపుదామంటే మీ ఫిర్యాదు ఫారం ఫోటోలు తప్ప వేరే ఫైలు తీసుకోదు. ఆఖరికి కోడ్‌ను స్క్రీన్ మీద పెట్టి ఫోన్‌తో ఫోటో తీసి పంపాను. 'సెల్స్ మార్చి చూడండి' అని జవాబొచ్చింది.

పాత వెర్షన్‌లో కొన్ని యాప్‌లు తెరుచుకోవు. అందుకే ఈ మార్పు మీ తర్వాతి అప్‌డేట్‌లో రావాలి, మా ఒక్కరికే కాదు, కొన్న అందరికీ. ఇప్పటి వెర్షన్ సోర్స్ అడిగితే 'కంపెనీ రహస్యం' అన్నారు. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్, జీపీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లైసెన్స్ రెండో వెర్షన్ కింద ఉంది. దాన్ని మార్చి బాక్సులో పెట్టి అమ్మినవాళ్లు ఆ మార్పుల సోర్స్ కూడా ఇవ్వాలి. అది మీ దయ కాదు, షరతు. అక్కర్లేని రిమోట్‌కు తీసుకున్న 450 రూపాయలు కూడా వెనక్కివ్వండి. పదిహేను రోజులు చూసి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను.

ఈ ఫిర్యాదును కూడా మూసేసే ముందు, ఒక్కసారి సౌండ్ బటన్ మీద వేలు పావు సెకను ఉంచి చూడండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
కొర్లగుంట, తిరుపతి.