కార్డు మార్చమనే ముందు రీడర్‌ని చూడండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డిజిటల్ సేవల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మీ శాఖ కౌంటర్లలో స్మార్ట్ కార్డు రీడర్లను అమర్చి బాగుచేసే సిబ్బందిమి మేము. ఆ రీడర్ల గురించి మేము పెట్టుకున్న 3 వినతిపత్రాలూ మీ కార్యాలయానికి అందాయి. అందినట్టు రసీదులున్నాయి, జవాబు మాత్రం లేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది. కార్డుల పథకం సంగతులు మీకు తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లం. మా గోడు అంతా ఒక్క మాట గురించే: "మీ కార్డు పాడైంది, కొత్తదానికి దరఖాస్తు పెట్టుకోండి."

రీడర్ కార్డును చదవకపోతే కౌంటర్లో వినిపించే మొదటి మాటా, చివరి మాటా అదే. అప్పుడు తెర మీద 8010తో మొదలయ్యే ఎర్రర్ కోడ్ ఒకటి ఉంటుంది. దాని చివరి రెండు అక్షరాలు చూస్తే సగం పని అయిపోతుంది. 1డి అని ఉంటే కంప్యూటర్లో కార్డు రీడర్లను నడిపే స్మార్ట్ కార్డ్ సర్వీసు పనిచేయడం లేదు. 2ఈ అయితే రీడరే కంప్యూటర్‌కి కనబడటం లేదు. 0బి అంటే వేరే ప్రోగ్రామ్ ఏదో కార్డును పట్టుకుని వదలడం లేదు, దాన్ని మూసేస్తే చాలు. 0సి అంటే రీడర్‌కి లోపల కార్డే తగల్లేదు, అంటే చివరిదాకా దూర్చలేదు. వీటిలో ఏ ఒక్కటీ చిప్ చెడిపోయిందని చెప్పదు. 66 వస్తేనే రీడర్ పంపిన రీసెట్ సంకేతానికి కార్డు బదులివ్వలేదని అర్థం. అప్పుడైనా ముందు చూడాల్సింది కార్డు తిరగబడిందా, బంగారు రంగు బిళ్ళ మీద జిడ్డు ఉందా అన్నదే.

ఆ బిళ్ళను మెత్తటి గుడ్డకు కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవాలి. చాలాచోట్ల పెన్సిల్ రబ్బరుతో గీకుతున్నారు. పైన ఉండేది చాలా పల్చటి బంగారు పూత, అది పోతే కింది లోహం బయటపడి మసకబారుతుంది. రీడర్ లోపలి స్ప్రింగు కాంటాక్టులూ అరుగుతాయి. కరెంటు, రీసెట్, క్లాక్, గ్రౌండ్, డేటా, ఈ ఐదింటిలో ఒక్కటి పట్టు సడలినా కొన్ని కార్డులు చదువుతుంది, కొన్ని చదవదు. వేలితో అదిమి పట్టుకుంటే పనిచేసే రీడర్లన్నీ ఈ కోవలోవే. మంత్రి గారూ, దీన్ని తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. అదే కార్డును పక్క రీడర్లో పెట్టండి, ఈ రీడర్లో వేరే కార్డు పెట్టండి. ఈ పరీక్ష చేయకుండా ఎవరినీ వెనక్కి పంపొద్దని ఒక్క ఉత్తర్వు ఇవ్వమనే మేము అడుగుతున్నది.

కాంటాక్ట్‌లెస్ రీడర్ల, అంటే కార్డును దూర్చకుండా ఆనిస్తే చదివేవాటి పరిస్థితి ఇంకా బాధాకరం. అవి 13.56 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. కార్డులో బ్యాటరీ ఉండదు, రీడర్ వెదజల్లే అయస్కాంత క్షేత్రమే దానికి ఊపిరి. అలాంటి రీడర్‌ని తీసుకెళ్లి ఉక్కు బల్ల మీద బిగించారు. లోహంలో సుడిలా తిరిగే విద్యుత్ ప్రవాహాలు పుట్టి క్షేత్రాన్ని మింగేస్తాయి, యాంటెనా శ్రుతి తప్పుతుంది. కొన్ని సెంటీమీటర్ల దూరం నుంచి చదవాల్సింది, ఆనించినా చదవదు. కింద ఆ క్షేత్రాన్ని లోహం దాకా పోనివ్వని ఫెర్రైట్ షీటు వేస్తే, లేదా ప్లాస్టిక్ దిమ్మతో బల్లకు ఎడంగా లేపితే సరిపోతుంది. పర్సులో రెండు మూడు కార్డులుంటే ఒక్కటే బయటికి తీసి ఆనించమని చెప్పాలి. చిప్ లెక్క పూర్తి చేసేదాకా కదపకుండా పట్టుకోమనాలి. రాసి తగిలిస్తే చాలు, ఆ కాగితం కూడా ఏ కౌంటర్లోనూ లేదు. ఇక 125 కిలోహెర్ట్జ్ పాత కార్డులను ఈ రీడర్లు ఎప్పటికీ చదవవు, వాటితో వచ్చినవాళ్లకు ఆ సంగతి నేరుగా చెప్పండి.

కరెంటు సంగతి కూడా చూడాలి. ప్రింటరు, స్కానరు, రీడరు అన్నీ సొంత అడాప్టరు లేని ఒకే యూఎస్‌బీ హబ్‌కి వేలాడుతుంటాయి. లైటు వెలుగుతుంది, కార్డు ఆనించగానే కరెంటు చాలక రీడర్ మాయమవుతుంది. నేరుగా కంప్యూటర్ పోర్టుకి పెడితే చాలాసార్లు సర్దుకుంటుంది. కాసేపు ఖాళీగా ఉంటే రీడర్ మాయమవుతోందంటే యూఎస్‌బీ పవర్ సేవింగ్ ఆపి చూడాలి. లినక్స్ యంత్రాల్లో పీఎన్533 అనే కెర్నల్ డ్రైవర్ కొన్ని రీడర్లను ముందే పట్టేసుకుంటుంది, దాన్ని లోడ్ కాకుండా బ్లాక్‌లిస్టులో పెట్టకపోతే, కార్డు రీడర్లను నడిపే పీసీఎస్‌సీడీ అనే ప్రోగ్రామ్‌కి రీడర్ దక్కదు.

మాకు అన్నిటికంటే కడుపు రగిలేది పిన్ విషయంలో. చాలా కార్డులు 3 తప్పు ప్రయత్నాలకే బిగుసుకుపోతాయి. ప్రతి తప్పుకీ ఇంకా ఎన్ని అవకాశాలున్నాయో కార్డు చెబుతూనే ఉంటుంది. 6983 అని జవాబిస్తే పిన్ లాక్ అయినట్టు. మీ సాఫ్ట్‌వేర్ ఈ జవాబులను దాచి "కార్డ్ ఎర్రర్" అని మాత్రమే చూపిస్తుంది. పాపం ఆపరేటర్ మళ్లీ కొట్టమంటాడు. అది అన్‌లాక్ కోడ్‌తో తెరుచుకునేదే, కానీ ఆ కోడ్‌కీ లెక్క ఉంది, అది అయిపోతే కార్డు శాశ్వతంగా పోతుంది. నిక్షేపంలాంటి కార్డును కౌంటరే చంపుతోంది.

కొత్త కార్డు ఇస్తున్నాం కదా అనకండి. ఫైళ్ల తాళం తీసే రహస్య కీ చిప్‌లోనే పుట్టి ఉంటే అది బయటికి రాదు. వేరేచోట నకలు లేకపోతే పాత కార్డుతో గుప్తీకరించిన ఫైళ్లు కొత్త కార్డుతో తెరుచుకోవు. అది తెలియక పాత కార్డును అక్కడికక్కడే కత్తిరించేస్తున్నారు. దయచేసి ముందు అది ఆపించండి. మిగిలిన అవకాశాల సంఖ్య తెర మీద చూపించండి. ఉక్కు బల్లల మీంచి రీడర్లను లేపించండి. రెండు నిమిషాల పరీక్ష చేయకుండా "కార్డు పాడైంది" అని రాసివ్వొద్దని చెప్పండి. 3 సార్లు అడిగాం, ఇది నాలుగోసారి. ఈసారైనా జవాబివ్వండి.

ఇట్లు,
కార్డు రీడర్లను అమర్చి బాగుచేసే సాంకేతిక సిబ్బంది