విలీనానికి ఎందుకు ఒప్పుకోలేదంటే

మన పరపతి సంఘం సభ్యులందరికీ నమస్కారం. తమలో కలిసిపొమ్మని ఒక పెద్ద సంఘం అడిగితే పాలకవర్గం ఎందుకు కాదందో చెప్పడానికే ఈ లేఖ.

ఈమధ్య కౌంటర్‌కి వచ్చిన చాలామందికి పాస్‌బుక్‌లో ఎంట్రీలు పడలేదు. కొందరి ఖాతాలో నిల్వ సున్నా అని కనబడింది. ఆ సున్నా చూసి ఒక సభ్యురాలు కుర్చీలో కూలబడ్డారు. కాబట్టి ముందు ఈ మాట: ఎవరి పొదుపులోనూ పైసా తేడా రాలేదు. రోజూ సాయంత్రం నిల్వల జాబితా ప్రింటు తీసి పెట్టడం మన ఆఫీసులో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. చివరి ప్రింటునీ, ఆ తర్వాత రాసిన చేతి రసీదులనీ పక్కపక్కన పెట్టి ప్రతి ఖాతా సరిచూశాం. ఆడిటర్ కూడా చూశారు.

జరిగింది ఇది. మనకు సాఫ్ట్‌వేర్ ఇస్తున్న కంపెనీ చేతులు మారింది. కొత్త యాజమాన్యం పాత వెర్షన్ ఆపేస్తున్నామని ఒక మెయిల్ పెట్టి, చెప్పిన గడువు కూడా పూర్తికాకముందే సర్వర్ ఆపేసింది. కొత్త వెర్షన్ పెద్ద సంఘాలకేనట. ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇస్తారు తప్ప మనిషి దొరకడు. మా సభ్యుల లెక్కలు మాకిచ్చేయండి అంటే దానికి వేరే చార్జీ అన్నారు. మన లెక్కలు మనకివ్వడానికి మన దగ్గరే డబ్బు అడగడమా! లాయరు నోటీసు వెళ్లాకే ఫైళ్లు వచ్చాయి. వాటిలోనూ రోజు, నెల తారుమారు. మూడో నెల ఏడో తేదీన కట్టిన కిస్తీ ఏడో నెల మూడో తేదీకి పడితే వడ్డీ ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. గుమస్తాలు ఒక్కో లైను చదువుతూ సరిచేశారు. ఇన్నేళ్లుగా బిల్లు ఒక్కసారి కూడా ఆలస్యం చేయని మనకు ఆ కంపెనీ చేసిన మర్యాద ఇది. నాకింకా కోపం తగ్గలేదు.

సరిగ్గా ఆ టెన్షన్‌లోనే ఆ పెద్ద సంఘం నుంచి కబురు వచ్చింది: మాలో కలిసిపోండి, మొబైల్ యాప్‌తో సహా అన్నీ రెడీగా ఉన్నాయి అని. దీని గురించి పాలకవర్గం ఎన్నిసార్లు కూర్చుందో! కాదనడం తేలిక కాదు. అమెరికాలో 1969 నాటికి 23 వేలకు పైగా క్రెడిట్ యూనియన్లు, అంటే మనలాంటి పరపతి సంఘాలు, ఉండేవి, ఇప్పుడు 5 వేల లోపే. కనుమరుగైనవాటిలో ఎక్కువ భాగం మరో సంఘంలో కలిసిపోయినవే. కంప్యూటర్లు, భద్రత, నిబంధనల ఖర్చు చిన్న సంఘానికి మోయలేని బరువు అవుతోంది. కుర్రకారు యాప్ లేని చోట ఖాతా తెరవరు. ఇదంతా నిజమే.

కానీ వాళ్ల షరతుల్లో ఒకటి నాకు మింగుడుపడలేదు. అప్పు దరఖాస్తులన్నీ కేంద్ర కార్యాలయంలో క్రెడిట్ స్కోరు (పాత అప్పులు ఎలా తీర్చారో చూసి వేసే మార్కు) చూసి తేలుస్తారట. జీతం స్లిప్పు లేకపోయినా, ఏళ్ల తరబడి నెలనెలా పొదుపు తప్పని సభ్యుడికి మన అప్పుల కమిటీ మనిషిని చూసి ఇస్తుంది. ఆ స్కోరులో అతని నిజాయితీ ఎక్కడ కనిపిస్తుంది? ‘ఎలాగూ ఎక్కువ కాలం నిలవరు’ అని వాళ్లు అన్న మాట కూడా నాకు గుచ్చుకుంది, దాచుకోను.

జర్మనీలో సహకార పరపతి సంఘాలకు ఆద్యుల్లో ఒకరైన రైఫైజన్ 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో పెట్టిన పరపతి సంఘం కూడా ఒకరినొకరు ఎరిగినవాళ్లదే. సంఘాలు పెరిగాక వాటిని ఒకదాంట్లో కలిపేయలేదు. మిగులు డబ్బు ఉన్న సంఘం నుంచి లేని సంఘానికి అందేలా 1872లో పైన ఒక కేంద్ర బ్యాంకు పెట్టారు. అప్పు ఎవరికివ్వాలో మాత్రం కింది సంఘమే తేల్చుకునేది. మేమూ ఆ దారే పట్టాం. మనలాంటి మరికొన్ని చిన్న సంఘాలతో కలిసి ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే సర్వర్, ఒకే సాంకేతిక సిబ్బంది పెట్టుకుంటున్నాం. ఎప్పుడడిగినా డేటా మొత్తం ఉచితంగా మన చేతికివ్వాలన్నది ఒప్పందంలో మొదటి షరతుగా రాయించాం.

యాప్ వస్తుంది, కానీ కాస్త ఆలస్యంగా. పాస్‌బుక్ తీసేయం, కౌంటర్ మూయం. ఈ గందరగోళంలో కిస్తీ ఆలస్యమైనవాళ్లకు అపరాధ వడ్డీ వేయం. పాస్‌బుక్ తెచ్చి ఎంట్రీలు వేయించుకుని, ఒకసారి మీరూ సరిచూసుకోండి.

ఈ నిర్ణయం సర్వసభ్య సమావేశం ముందుకు వస్తుంది. విలీనమే మంచిదనుకునేవాళ్లు అక్కడ తీర్మానం పెట్టవచ్చు. నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఓటు మాత్రం మీకెంతో నాకూ అంతే, ఒక్కటే.